పాత ఎల్‌సీడీ మానిటర్‌కు టీవీ ట్యూనర్ తగిలించడం ఎలా? (కర్నూలు, అవ్వ గది కోసం)

బురుజు నీడ, కర్నూలు
శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 18.5 అంగుళాల ఎల్‌సీడీ మానిటర్ ఒకటి ఉంది. నేను డిగ్రీ చదివేటప్పుడు కొన్న కంప్యూటర్‌ది. సీపీయూ ఎప్పుడో పోయింది, తెర మాత్రం చెక్కుచెదరలేదు. వెనకాల వీజీఏ సాకెట్ (కంప్యూటర్ నుంచి బొమ్మ మాత్రమే తెచ్చే పాత రకం) ఒక్కటే ఉంది. హెచ్‌డీఎంఐ (బొమ్మా శబ్దమూ ఒకే వైరులో వచ్చే కొత్త రకం) లేదు, స్పీకర్లు లేవు.

మా అవ్వకు మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాయి. హాల్లోకి వచ్చి గంటసేపు కూర్చోలేకపోతోంది. ఆమె గదిలోనే ఈ తెర పెట్టి టీవీ వచ్చేలా చేద్దామనుకుంటున్నాను. కొత్త టీవీ కొనొచ్చు కదా అంటారేమో. మంచం పక్కన గోడ అలమరలో సరిగ్గా ఈ తెర పట్టేంత చోటే ఉంది. పైగా పనిచేస్తున్న వస్తువును పాత సామాన్లకు వేయడానికి మనసొప్పడం లేదు.

అటక మీద వెతికితే ఒక టీవీ ట్యూనర్ బాక్స్ దొరికింది. 2009 అక్టోబరు వరదల్లో కింది గదిలోని మా పాత టీవీ మునిగిపోయింది. మేడ మీద ఉన్న కంప్యూటర్ మిగిలింది. అప్పుడు నాయన హైదరాబాద్ వెళ్ళినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో ఈ బాక్స్ కొని తెచ్చాడు. ఒక ఏడాది పాటు ఇంటిల్లిపాదీ ఈ మానిటర్ మీదే టీవీ చూశాం. అప్పట్లో కేబుల్ వైరు నేరుగా గుచ్చితే చానెళ్ళన్నీ వచ్చేవి. ఇవాళ అదే వైరు గుచ్చి ఆటో సెర్చ్ కొడితే సున్నా చానెళ్ళు. తెర నిండా చుక్కలే.

షాపుకు తీసుకెళ్తే, "లోపలి బోర్డు తీసేసి ట్యూనర్ ఉన్న బోర్డు వేస్తాం, 2,400 అవుతుంది" అన్నారు. వేయించమంటారా? ట్యూనర్ బాక్స్ పాడైందా, లేక నేనే ఏదైనా తప్పు చేస్తున్నానా?


క్లాక్‌టవర్ సందు, అనంతపురం
శనివారం, రాత్రి 9:42

బోర్డు వేయించెయ్ అన్నా. మా ఇంట్లో 19 అంగుళాల దానికి రెండేళ్ళ కిందట వేయించాను. రిమోట్ వచ్చింది, హెచ్‌డీఎంఐ వచ్చింది, పెన్‌డ్రైవ్‌లో పాటలు కూడా వస్తాయి. ఇప్పటికీ బాగా నడుస్తోంది.


బురుజు నీడ, కర్నూలు
శనివారం, రాత్రి 9:50

థాంక్స్ తమ్ముడూ. కేబుల్ వైరు నేరుగా ఆ బోర్డుకే పెట్టావా? చానెళ్ళు వస్తున్నాయా?


క్లాక్‌టవర్ సందు, అనంతపురం
శనివారం, రాత్రి 9:58

లేదన్నా, సెట్‌టాప్ బాక్స్ నుంచి హెచ్‌డీఎంఐతో పెట్టాను. బోర్డుకు యాంటెన్నా సాకెట్ ఉంది గానీ ఎప్పుడూ వాడలేదు.


పాత రేడియో, కడప
ఆదివారం, ఉదయం 6:30

బాబూ, మీ ట్యూనర్ బాక్స్ పాడవలేదు. దానికి అర్థమయ్యే సిగ్నలే మీ వీధిలో లేదు. నలభై ఏళ్ళు టీవీలు విప్పి బిగించిన చేత్తో చెబుతున్నాను, షాపుకు డబ్బు ఇచ్చే ముందు ఇది పూర్తిగా చదవండి.

2009లో మీ ఇంటికి వచ్చిన కేబుల్ అనలాగ్. పాల్ అనే మన పాత టీవీ పద్ధతిలో ఒక్కో చానెల్ ఒక్కో ఫ్రీక్వెన్సీ మీద విడివిడిగా వచ్చేది. ట్యూనర్ చేసే పని ఆ ఫ్రీక్వెన్సీని పట్టుకుని బొమ్మను, ధ్వనిని విడదీయడం, అంతే. తర్వాత కేబుల్ చట్టాన్ని సవరించి దేశమంతటా డిజిటల్ చేశారు. 2012లో మహానగరాలతో మొదలైంది. 2013 మార్చిలో హైదరాబాద్, విశాఖ వంటి పెద్ద నగరాలు. మిగిలిన పట్టణాలకు 2015 డిసెంబరు 31, పల్లెలకు 2017 మార్చి 31 గడువు పెట్టారు. మన దగ్గర గడువు దాటి కూడా కొన్నాళ్ళు లాగారు, చివరికి మారింది.

ఇప్పుడు ఆ వైరులో వచ్చేది డీవీబీ-సీ అనే డిజిటల్ సిగ్నల్. ఇదివరకు ఒక చానెల్ పట్టిన చోట ఇప్పుడు పదికి పైగా చానెళ్ళు కలిపి కట్టగట్టి పంపిస్తారు. దాని మీద తాళం కూడా వేస్తారు. ఆ తాళం తీసే చెవి కేబుల్ వాళ్ళిచ్చే సెట్‌టాప్ బాక్స్‌లోనే ఉంటుంది. మీరు ఎంత మంచి ట్యూనర్ కొన్నా ఆ చెవి దానిలో ఉండదు. కనుక ఈ రోజుల్లో మన ఇళ్ళల్లో ట్యూనర్ అంటే సెట్‌టాప్ బాక్సే. తెరకు కావలసింది ట్యూనర్ కాదు, ఆ బాక్స్ ఇచ్చే బొమ్మను లోపలికి తీసుకునే దారి.

షాపు వాళ్ళు వేస్తామన్న బోర్డు సంగతి కూడా ఇంతే. మన బజార్లో ఎక్కువగా దొరికే వీ56, వీ59 రకం బోర్డుల్లో ట్యూనర్ ఉన్న మాట నిజమే, కానీ అదీ అనలాగే. మీ వైరు దానికి గుచ్చినా ఇవే చుక్కలు. అనంతపురం అబ్బాయి ఆ సాకెట్ ఎందుకు వాడలేదో చూడండి.

యాంటెన్నా కట్టి దూరదర్శన్ చూద్దామన్నా లాభం లేదు. ప్రసార భారతి భూమి మీది అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను 2022 నాటికి దాదాపు అన్నీ ఆపేసింది. 2016 ఫిబ్రవరిలో 16 నగరాల్లో డీవీబీ-టీ2 డిజిటల్ ప్రసారం మొదలుపెట్టారు, వాటిలో రాయలసీమ ఊరు ఒక్కటీ లేదు. ఆన్‌లైన్‌లో "డీవీబీ-టీ2 బాక్స్" అని కనబడితే కొనకండి.

ఒక ప్రశ్న. మీ ట్యూనర్ బాక్స్ వెనక పసుపు, ఎరుపు, తెలుపు సాకెట్లు ఉన్నాయా?


బురుజు నీడ, కర్నూలు
ఆదివారం, ఉదయం 8:05

ఉన్నాయి సార్. "ఏవీ ఇన్" అని రాసి ఉంది. దాని పక్కన వీజీఏ ఇన్, వీజీఏ అవుట్, ఇంకా స్పీకర్ పిన్ను పట్టే చిన్న రంధ్రం ఉన్నాయి.


పాత రేడియో, కడప
ఆదివారం, ఉదయం 8:20

అయితే మీ పని చాలా వరకు అయిపోయినట్టే. ట్యూనర్ భాగం పనికిరాకపోయినా, ఏవీ సాకెట్లలోకి వచ్చిన బొమ్మను వీజీఏగా మార్చే భాగం బాగానే ఉంటుంది. సెట్‌టాప్ బాక్స్ నుంచి పసుపు-ఎరుపు-తెలుపు వైరు తెచ్చి దీనికి పెట్టండి. దీని వీజీఏ అవుట్ నుంచి మానిటర్‌కు. రిమోట్‌లో సోర్స్ నొక్కి ఏవీ ఎంచుకోండి. స్పీకర్లు ఆ చిన్న రంధ్రానికి.

పెట్టే ముందు అడాప్టర్ చూసుకోండి. ఇన్నేళ్ళు అటక మీద ఉంది కదా. బాక్స్ అడుగున రాసిన వోల్టేజీ, అడాప్టర్ మీద రాసిన వోల్టేజీ ఒకటే కావాలి. పిన్ను మధ్యలో ప్లస్సా మైనస్సా అన్న గుర్తు కూడా కలవాలి.


తుంగభద్ర గాలి, కర్నూలు
ఆదివారం, ఉదయం 10:15

సార్ చెప్పింది సరైన దారి. నేనొక మాట కలుపుతాను. ఏవీ దారిలో బొమ్మ కాస్త మెత్తగా వస్తుంది. పాల్ బొమ్మలో కనబడే గీతలు 576 మాత్రమే. హెచ్‌డీ బాక్స్ ఉంటే, హెచ్‌డీఎంఐని వీజీఏగా మార్చే చిన్న కన్వర్టర్ కొనుక్కుంటే బొమ్మ ఇంకా తేటగా ఉంటుంది. మా ఇంట్లో అదే పెట్టాను. కన్వర్టర్‌కే స్పీకర్ రంధ్రం ఉన్నది తీసుకోండి. చార్జర్ వైరుతో పవర్ ఇచ్చే సౌకర్యం కూడా ఉంటే మంచిది, కొన్ని సెట్‌టాప్ బాక్సులు హెచ్‌డీఎంఐ నుంచి చాలినంత కరెంటు ఇవ్వవు.

బురుజు నీడ గారూ, ఇంట్లో ఉన్న బాక్స్ హెచ్‌డీనా?


బురుజు నీడ, కర్నూలు
ఆదివారం, సాయంత్రం 5:40

హాల్లో ఉన్నది హెచ్‌డీనే అక్కా. అవ్వకు వేరే బాక్స్ తీసుకుంటున్నాను. ఒకే బాక్స్ నుంచి హెచ్‌డీఎంఐ హాల్ టీవీకి, ఏవీ వైరు అవ్వ గదికి లాగొచ్చని కేబుల్ అబ్బాయి చెప్పాడు. కానీ అప్పుడు రెండు చోట్లా ఒకటే చానెల్ వస్తుంది. పిల్లలు క్రికెట్ పెడితే అవ్వ కూడా క్రికెట్టే చూడాలి. ఆమెకు సప్తగిరిలో వార్తలు కావాలి, పొద్దున్నే భక్తి చానెల్ కావాలి. ఆమె చేతిలో ఆమె రిమోట్ ఉండాలని నా పట్టుదల.

ఇందాక హాల్ బాక్స్‌తోనే ప్రయోగం చేశాను. స్నేహితుడి దగ్గర హెచ్‌డీఎంఐ-వీజీఏ కన్వర్టర్ ఉంటే తెచ్చి పెట్టాను. మానిటర్ మీద నీలం పెట్టెలో "ఇన్‌పుట్ నాట్ సపోర్టెడ్" అని వచ్చింది. అంతకు మించి ఏమీ లేదు. కన్వర్టర్ ల్యాప్‌టాప్‌కు పెడితే బాగానే పనిచేస్తోంది. మానిటర్ పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.


తుంగభద్ర గాలి, కర్నూలు
ఆదివారం, సాయంత్రం 6:25

మానిటర్‌కు ఏమీ కాదు, కంగారు పడకు తమ్ముడూ. నాకూ మొదటి రోజు ఇదే వచ్చింది, రెండు రోజులు కూర్చుని కారణం పట్టుకున్నాను.

మొదటిది, నీ బాక్స్ 1080ఐ పంపిస్తూ ఉంటుంది. అందులో బొమ్మ సగం సగం గీతలుగా వస్తుంది. కంప్యూటర్ మానిటర్లలో చాలా వాటికి అలాంటి బొమ్మ చేతకాదు. బాక్స్ సెట్టింగుల్లో 720పీ (గీతలన్నీ ఒకేసారి వచ్చే బొమ్మ) పెట్టాలి. అయితే ఆ సెట్టింగ్ మార్చడానికి బొమ్మ కనబడాలి కదా. బాక్స్‌ను హాల్ టీవీకే పెట్టి 720పీ చేసి, అప్పుడు మానిటర్ దగ్గరికి తీసుకెళ్ళు.

రెండోది అసలు చిక్కు. మన దగ్గర కరెంటు 50 సైకిళ్ళు, టీవీ పద్ధతి కూడా దానికి తగ్గట్టే 50. సెట్‌టాప్ బాక్సులు సెకనుకు 50 సార్లు బొమ్మ పంపిస్తాయి. కంప్యూటర్ మానిటర్లు 60కి అలవాటు పడ్డవి. పాత మానిటర్ మాన్యువల్ తీసి చూస్తే వర్టికల్ అన్న చోట 56 నుంచి 75 హెర్ట్జ్ అని ఉంటుంది. 50 దాని పరిధిలోనే లేదు. కొన్ని మానిటర్లు ఓపిక చేసుకుని చూపిస్తాయి, కొన్ని మొండికేస్తాయి. బాక్స్‌లో 60 హెర్ట్జ్ ఎంపిక ఉంటే పెట్టి చూడు, అన్నింటిలో ఉండదు.

చిన్న కన్వర్టర్ ఈ 50ని 60గా మార్చదు. వచ్చింది వచ్చినట్టు వీజీఏలోకి పంపిస్తుంది, అంతే. నా మానిటర్ 50ని ఒప్పుకుంది కాబట్టి నా పని అయింది. నీది ఒప్పుకోకపోతే సార్ చెప్పిన దారే గతి.


పాత రేడియో, కడప
ఆదివారం, రాత్రి 7:10

అమ్మాయి చాలా చక్కగా చెప్పింది. ఏవీ దారిలో ఈ 50-60 తంటా ఎందుకు రాదో కూడా చెబుతాను. ట్యూనర్ బాక్స్ వచ్చిన బొమ్మను తన మెమరీలో పెట్టుకుని, దాన్ని కొత్తగా పేర్చి, 60 హెర్ట్జ్ లెక్కన 1024 బై 768 లాంటి కంప్యూటర్ కొలతలో బయటికి పంపిస్తుంది. మానిటర్‌కు అది కంప్యూటర్ లాగే కనబడుతుంది. అందుకే మీ నాయన ఆనాడు కొన్న వస్తువును తక్కువ చేయకండి. ఈ రోజు బజారులో "ఏవీ టు వీజీఏ కన్వర్టర్" అని అమ్మేది చేసే పని కూడా అదే.


ప్రొద్దుటూరు వీధి
ఆదివారం, రాత్రి 8:00

మధ్యలో నాదొక సందేహం. మా బావ డల్లాస్ నుంచి వచ్చినప్పుడు ఒక డిజిటల్ కన్వర్టర్ బాక్స్ తెచ్చాడు. అక్కడ యాంటెన్నాతో చానెళ్ళన్నీ ఉచితంగా వస్తాయట. ఇక్కడ కొద్దిగా మార్పులు చేసి వాడుకోవచ్చా?


పాత రేడియో, కడప
ఆదివారం, రాత్రి 8:12

కుదరదు. అది ఏటీఎస్‌సీ అనే అమెరికా డిజిటల్ టీవీ పద్ధతి. అమెరికాలో 2009 జూన్ 12న పెద్ద స్టేషన్లన్నీ అనలాగ్ ఆపేసినప్పుడు పాత టీవీల కోసం వచ్చిన బాక్సులవి. మన దేశంలో ఆ పద్ధతిలో ప్రసారమే లేదు. అడాప్టర్ 110 వోల్టులది అయి ఉండవచ్చు, అలాంటిది ఇక్కడి 230లో గుచ్చితే వెంటనే కాలిపోతుంది. పెట్టెలోనే ఉంచి, బావగారు తిరిగి వెళ్ళేటప్పుడు ఇచ్చేయండి.


సోల్డర్ చెయ్యి, అనంతపురం
ఆదివారం, రాత్రి 10:30

షాపు కట్టేసి ఇప్పుడే చూశాను. ఏ తెరకైనా పెట్టుకోగల యూనివర్సల్ బోర్డుల పని నాదే, వారానికి రెండు మూడు వేస్తుంటాను. అందుకే చెబుతున్నాను, పనిచేస్తున్న మానిటర్‌ను బోర్డు కోసం విప్పొద్దు. బోర్డు వేయాల్సింది మానిటర్ సొంత బోర్డు చచ్చిపోయి, ప్యానెల్ (బొమ్మ కనబడే తెర) బాగున్నప్పుడు.

బోర్డు వేయక తప్పని వాళ్ళ కోసం కొన్ని సంగతులు. ముందుగా ప్యానెల్ వెనక అతికించిన స్టిక్కర్ చదవాలి. ఎం185ఎక్స్‌డబ్ల్యూ01 లాంటి నంబర్ ఒకటి ఉంటుంది. మానిటర్ కంపెనీ పేరుతో పనిలేదు, ఈ నంబరే ముఖ్యం. ఆ నంబర్‌తో డేటాషీట్ వెతికితే మూడు సంగతులు తెలుస్తాయి: ఎన్ని చుక్కల ప్యానెల్, ఎల్‌వీడీఎస్ (బోర్డు నుంచి ప్యానెల్‌కు బొమ్మ తెచ్చే కనెక్షన్) సింగిలా డబులా, ప్యానెల్‌కు ఎన్ని వోల్టులు. ఈ మూడోది తప్పితే ప్యానెల్ ఉండదు. బోర్డు మీద 3.3, 5, 12 వోల్టులకు చిన్న జంపర్ (పీకి చోటు మార్చి పెట్టుకునే క్లిప్పు) ఉంటుంది. మానిటర్ ప్యానెళ్ళు ఎక్కువగా 5 వోల్టులవి, ల్యాప్‌టాప్ ప్యానెళ్ళు 3.3. జంపర్ పెట్టాక మల్టీమీటర్‌తో కొలిచి, ఆ తర్వాతే ఎల్‌వీడీఎస్ కేబుల్ గుచ్చాలి. నేను ఇప్పటికీ ప్రతిసారీ కొలుస్తాను.

ప్యానెల్‌కు తగ్గ సాఫ్ట్‌వేర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి బోర్డుకు ఎక్కించాలి. రంగులు తేడాగా, నెగటివ్ ఫోటోలా వస్తే ఎల్‌వీడీఎస్ మ్యాపింగ్ తప్పిందని అర్థం, సర్వీస్ మెనూలో మార్చుకోవచ్చు. బొమ్మ రెండు ముక్కలుగా వస్తే సింగిల్, డబుల్ తేడా.

బ్యాక్‌లైట్ సంగతి వేరే. 2009 నాటి ఎల్‌సీడీ అంటే లోపల సన్నటి ట్యూబులు ఉంటాయి, వాటికి ఇన్వర్టర్ బోర్డు కావాలి. అవి వెలిగే క్షణంలో వెయ్యి వోల్టులు దాటుతుంది. పవర్ సప్లైలో పెద్ద కెపాసిటర్ ప్లగ్ తీశాక కూడా 300 వోల్టులకు పైగా పట్టి ఉంచుకోవచ్చు. ఆ ట్యూబుల్లో పాదరసం ఉంటుంది, పగిలితే చేత్తో ఎత్తొద్దు. ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టుకుని సరదాగా చేసే పని కాదిది.

బోర్డులోనే డిజిటల్ ట్యూనర్ కావాలంటే 3663 అనే రకం ఉంది, అందులో డీవీబీ-ఎస్2 (శాటిలైట్ డిజిటల్ పద్ధతి) కూడా వస్తుంది. డిష్ వైరు నేరుగా పెట్టి తాళం లేని శాటిలైట్ చానెళ్ళు చూడొచ్చు. ఎస్పీ రోడ్‌లో అడిగితే దొరుకుతుంది, నేను బెంగళూరు వెళ్ళినప్పుడు తెస్తుంటాను.


క్లాక్‌టవర్ సందు, అనంతపురం
సోమవారం, ఉదయం 7:15

సోల్డర్ అన్న చెప్పిన వోల్టేజీ మాట నూటికి నూరు పాళ్ళు నిజం. మొన్న నేను తొందరపడి బోర్డు వేయించమన్నాను, ఒక సంగతి చెప్పలేదు. రెండేళ్ళ కిందట నేను పెట్టించింది రెండో ప్యానెల్. మొదటిది నేనే ఇంట్లో బిగించాను. కిట్ వచ్చినప్పుడు జంపర్ 12 దగ్గర ఉంది, నేను చూడలేదు. ఆన్ చేయగానే తెర తెల్లగా వెలిగి, కాలిన వాసన వచ్చింది. నాన్న జీతంలో దాచి కొనిచ్చిన మానిటర్ అది. ఆ రోజు అన్నం తినలేదు. బురుజు నీడ అన్నా, నా మొదటి సలహా వెనక్కి తీసుకుంటున్నాను.


ఆలూరు చేను
సోమవారం, మధ్యాహ్నం 1:20

కేబుల్ రాని చోట్ల వాళ్ళకు నా అనుభవం చెబుతాను. మాకు చేను దగ్గర గది ఉంది, రాత్రిళ్ళు నీళ్ళు పెట్టే రోజుల్లో అక్కడే పడుకుంటాం. అక్కడ పాత 17 అంగుళాల మానిటర్ పెట్టి డీడీ ఫ్రీ డిష్ చూస్తున్నాను. నెలవారీ డబ్బులు లేవు. డిష్, ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు ఉండి సిగ్నల్ పట్టే ముక్క), బాక్స్ ఒకసారి కొంటే చాలు. సప్తగిరి వస్తుంది. బాక్స్ నుంచి ఏవీ, ఏవీ నుంచి వీజీఏ కన్వర్టర్, అంతే.

డిష్ తిప్పడానికి మనిషిని పిలవలేదు, నేనే తిప్పుకున్నాను. ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంది. మన వైపు నుంచి చూస్తే సరిగ్గా ఆగ్నేయ మూల. ఆకాశంలో 64 డిగ్రీల ఎత్తు, అంటే నడినెత్తికి దగ్గరే. కానీ ఇప్పటి చిన్న డిష్‌లు ఆఫ్‌సెట్ రకం, కాబట్టి అంత వెనక్కి వాలినట్టు కనబడవు. అంత పైకి చూస్తుందని తెలియక నేను మొదట చెట్టు వైపు చూసేలా నిలువుగా పెట్టి అరపూట పోగొట్టుకున్నాను. వేపచెట్టు కొమ్మ అడ్డం లేకుండా చూసుకోండి. బాక్స్‌లో 11090, వర్టికల్, సింబల్ రేటు 29500 పెట్టి, క్వాలిటీ గీత పైకి వచ్చే దాకా వేలెడంత వేలెడంత జరపాలి.


బురుజు నీడ, కర్నూలు
మంగళవారం, రాత్రి 9:30

బొమ్మ వచ్చింది!

జరిగింది వరసగా చెబుతాను, ఇంకెవరికైనా పనికొస్తుంది. అవ్వ కోసం కొత్త బాక్స్ ఇవాళ పెట్టారు. మామూలు బాక్సే, హెచ్‌డీ కాదు. దాని వెనక మూడు రంగుల సాకెట్లు లేవు, ఒక చిన్న గుండ్రటి రంధ్రం ఉంది. దానికి ఒక వైపు ఒకే పిన్ను, మరో వైపు మూడు రంగుల తలలు ఉన్న వైరు కావాలన్నారు. రాజ్‌విహార్ దగ్గర కొని తెచ్చాను. పెడితే తెర నల్లగా, స్పీకర్‌లో మాత్రం గరగర శబ్దం. అడాప్టర్ కొలిచాను, బాగుంది. వైర్లు మళ్ళీ మళ్ళీ గుచ్చాను. గంటన్నర అయింది, అవ్వ మంచం మీద కూర్చుని నన్నే చూస్తోంది. "పోనీలేరా, పొద్దున చూసుకోవచ్చు" అంది. నాకు ఆపాలనిపించలేదు.

చివరికి పసుపు సాకెట్‌లో పసుపు తల తీసి ఎర్ర తల గుచ్చాను. ఒక్కసారిగా బొమ్మ!


పాత రేడియో, కడప
మంగళవారం, రాత్రి 9:41

శభాష్. అది ముందే చెప్పాల్సింది, నాకు తట్టలేదు. ఆ ఒంటి పిన్ను వైర్లలో లోపలి కనెక్షన్ల వరస అన్నీ ఒకేలా ఉండవు. ఒకదానిలో బొమ్మ వచ్చే చోట మరోదానిలో కుడి స్పీకర్ ధ్వని వస్తుంది. రంగులు నమ్మకుండా మూడూ మార్చి మార్చి పెట్టి చూడాలి. అలా పెట్టినందువల్ల ఏదీ కాలిపోదు. ఏ తల ఏదో ఒక కాగితం ముక్క అతికించి రాసి పెట్టండి, లేకపోతే ఇల్లు ఊడ్చినప్పుడు ఊడితే మళ్ళీ మొదటికొస్తుంది.


తుంగభద్ర గాలి, కర్నూలు
మంగళవారం, రాత్రి 9:55

చాలా సంతోషం తమ్ముడూ. ముఖాలు సన్నగా, లావుగా కనబడుతున్నాయా?


బురుజు నీడ, కర్నూలు
మంగళవారం, రాత్రి 10:04

అదే అడుగుదామనుకున్నాను అక్కా. అందరూ పొట్టిగా, లావుగా ఉన్నారు. పైన, కింద నల్ల పట్టీలు కూడా ఉన్నాయి.


తుంగభద్ర గాలి, కర్నూలు
మంగళవారం, రాత్రి 10:16

సెట్‌టాప్ బాక్స్ ఇప్పుడు నీది పాత 4:3 టీవీ అనుకుని పట్టీలు వేస్తోంది. దాన్ని నీ మానిటర్ మళ్ళీ అడ్డంగా సాగదీస్తోంది. బాక్స్ మెనూలో స్క్రీన్ 16:9 పెట్టు. అప్పుడు బాక్స్ బొమ్మను నొక్కి పంపిస్తుంది, వెడల్పు మానిటర్ దాన్ని సాగదీసి సరి చేస్తుంది. రెండు తప్పులు కలిసి ఒప్పు అయినట్టు అనిపిస్తుంది గానీ, అసలు పద్ధతే అది.


బురుజు నీడ, కర్నూలు
మంగళవారం, రాత్రి 10:25

సరిపోయింది అక్కా! కింద పరుగెత్తే వార్తల అక్షరాలు కొంచెం మెత్తగా ఉన్నాయి గానీ, మంచం మీద నుంచి ఐదడుగుల దూరంలో అవ్వ చదవగలుగుతోంది. ఆమె అడిగింది వేరే. శబ్దం సరిగ్గా వినబడటం లేదట. నా పాత కంప్యూటర్ స్పీకర్లు అలమరలో తెర వెనక పెట్టాను.


సోల్డర్ చెయ్యి, అనంతపురం
మంగళవారం, రాత్రి 10:50

స్పీకర్లు తెర వెనక నుంచి తీసి ఆమె తల వైపు, చెవికి దగ్గరగా పెట్టు తమ్ముడూ. పెద్దవాళ్ళకు శబ్దం పెంచడం కన్నా దగ్గర చేయడం మేలు. ఆడియో వైరు పొడవుది ఒకటి, మూడు మీటర్లది, కొంటే సరిపోతుంది. స్పీకర్ మీద బేస్ తిప్పేది ఉంటే తగ్గించు, మాట తేటగా వస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట. సెట్‌టాప్ బాక్స్, ట్యూనర్, మానిటర్, స్పీకర్లు అని నాలుగు ప్లగ్గులయ్యాయి. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్ నుంచి స్విచ్ ఉన్న మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటే పెట్టు. ఎర్త్ లేని చోట కేబుల్ వైరు లోహం పట్టుకుంటే చిన్న చురుకు తగులుతుంది, చాలా ఇళ్ళల్లో చూశాను. అవ్వ చెయ్యి తగిలే చోట ఏ వైరూ వేలాడకూడదు. ఉరుములు మొదలైతే స్విచ్ ఆపితే చాలదు, కేబుల్ వైరు కూడా బాక్స్ నుంచి విప్పెయ్యాలి. ప్రతి వానాకాలం నా షాపుకు వచ్చే కాలిన బాక్సుల్లో ఎక్కువ వైరు విప్పనివే.


బురుజు నీడ, కర్నూలు
బుధవారం, ఉదయం 7:20

పొడవు వైరు ఇవాళ తెస్తానన్నా. గదిలో సాకెట్‌కు ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపిస్తాను. ఈ ఉదయం ఐదున్నరకే లేచి ఆమే రిమోట్‌తో పెట్టుకుంది. నేను లేచేసరికి గదిలోంచి సుప్రభాతం వినబడుతోంది. మొత్తం నాకు పడిన ఖర్చు వైరు 120, కొత్త బాక్స్ కనెక్షన్ డబ్బులు. బోర్డుకు అడిగిన 2,400 మిగిలింది. అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు.


హాస్టల్ గది 12, కడప
బుధవారం, సాయంత్రం 6:40

అన్నలూ, అక్కా, ఇదంతా చదివి మా హాస్టల్‌లో పడి ఉన్న 17 అంగుళాల చదరపు మానిటర్‌కు ఏవీ-వీజీఏ కన్వర్టర్ పెట్టాం. బొమ్మ వచ్చింది. 16:9 పెడితే ముఖాలు కోడిగుడ్డులా నిలువుగా సాగిపోతున్నాయి. ఏం చేయాలి?


బురుజు నీడ, కర్నూలు
బుధవారం, సాయంత్రం 6:52

మీది వెడల్పు తెర కాదు కదా తమ్ముడూ, మీకు తిరగేసి చేయాలి. బాక్స్ మెనూలో 4:3 పెట్టి, దాని కింద లెటర్‌బాక్స్ అని ఉంటే అది ఎంచుకోండి. పైన, కింద నల్ల పట్టీలు వస్తాయి, బొమ్మ కొలత సరిపోతుంది.


హాస్టల్ గది 12, కడప
బుధవారం, రాత్రి 7:05

పట్టీలు వచ్చాయి అన్నా, ముఖాలు సరిగ్గా ఉన్నాయి. గదిలో పద్నాలుగు మంది కూర్చున్నాం. టాస్ వేస్తున్నారు, మళ్ళీ వస్తాను.